బెల్లం వేయని సీసా

ఎదురింటి గోడకు సున్నం కొడుతున్నారు. ఆ తడి వాసనకు వేరేవాళ్లకు పెళ్లిళ్లు గుర్తొస్తాయేమో. నాకు పత్తికట్టె గుర్తొస్తుంది, దాని వెనకే మా సువార్తమ్మ మేడం. కర్నూలు కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. పత్తికొండ దగ్గర పల్లెలో, కూలికి పత్తి ఏరే ఇంట్లో పుట్టిన మనిషి. పత్తి తీశాక రైతులు చేలోనే కాల్చేసే కట్టెలో చక్కెర ఉందని, దాన్ని విడదీసి పులియబెడితే ఇంధనం అవుతుందని ఆమె పట్టు. కట్టె మాత్రం ఆ సంగతి ఒక పట్టాన ఒప్పుకునేది కాదు. పొడి కొట్టి సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానబెడితేనే దాని బిగువు సడలేది. తర్వాత సున్నం ఆనవాలు లేకుండా కడగాలి, మిగిలితే పులియదు. అప్పుడే చక్కెరను విడదీసే ఎంజైము, ఆపైన ఈస్టు. కడిగే పని నాది. కాలేజీలో నాకు దక్కిన ఏకైక పదవి.

మా ప్రయోగాల గదిని కంప్యూటర్లకు ఇచ్చేయాలని పైవాళ్ల ఆలోచన. పరిశీలకులు వచ్చిన రోజు సీసాలో బుడగలు కనిపిస్తే గది మాకుంటుంది. అంతకు వారం ముందు నాకు క్రికెట్ మ్యాచ్ ఉంది. రెండుసార్లు కడిగి, సున్నం పోయిందో లేదో లిట్మస్ కాగితం ముంచి చూడకుండానే, "అయిపోయింది మేడం" అని వెళ్లిపోయాను. ఆమె నమ్మారు. పరిశీలకులు వచ్చే పొద్దున సీసా ధ్యానంలో ఉంది. ఒక్క బుడగ లేదు.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ గొంతు తగ్గించారు. "ఇంకో సీసాలో బెల్లం నీళ్లు పోసి ఈస్టు వేయండి మేడం. వాళ్లొచ్చేసరికి పొంగుతుంది. ఎవరు రుచి చూస్తారు?"

"బెల్లం పులుస్తాదని మా అవ్వకు గూడా తెలుసు సార్. దానికి కాలేజీ ఎందుకు?" అని మేడం నా వైపు తిరిగారు. "ఏమప్పా, ఎన్నిసార్లు కడిగినావు?"

"రెండు మేడం. మ్యాచ్ ఉండె."

"గెలిచినారా?"

"లేదు మేడం."

"అయితే ఆడ గూడా సగం పనే."

ఆ చచ్చిన సీసానే పరిశీలకుల ముందు పెట్టారు. "ఇది పులియలేదు. సున్నం ఇంకా ఉండాది దీంట్లో. బాగా కడిగితే చక్కెర వస్తాది, పోయిన నెల వచ్చింది, రాసింది ఈడుండాది చూడండి." కడిగిందెవరని ఒకాయన అడిగాడు. నేను బీరువా వెనక్కి జరిగాను. "ల్యాబు నాది, తప్పూ నాదే," అన్నారు మేడం.

గది పోయింది. మరుసటి సోమవారం ఆమె కట్టె నానబెట్టే డ్రమ్మును సైకిల్ స్టాండు దగ్గరికి దొర్లిస్తున్నారు. "గది తీసుకున్నారు. కట్టె తీసుకోలేదు గదా? పట్టప్పా ఆ పక్క."

ఈసారి లిట్మస్ రంగు మారడం మానేసేదాకా కడిగాను. బుడగలొచ్చాయి. చూడ్డానికి వాచ్‌మన్, రెండు పంక్చరైన సైకిళ్లు మాత్రమే ఉన్నాయి.

ఇప్పుడు మేడం లేరు. నేను ఓర్వకల్లు దగ్గర ఒక ఫ్యాక్టరీలో, బయటికి వదిలే నీటిని పరీక్షిస్తుంటాను. అప్పుడప్పుడు ఎవరో ఒకరు నా బల్ల మీదికి వంగి, అంకెను కాస్త సర్దమంటారు. "బెల్లం వేయను సార్," అంటాను. వాళ్లకు అర్థం కాదు. సీసా మరోసారి కడిగి, మళ్లీ పరీక్ష చేసి, వచ్చిన అంకే రాస్తాను.