తూచని బరువులు

అరవైల చివర నేను నర్సింగు చదువుతున్నాను. నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో నలభైమంది పసిపిల్లల్ని తూచి రమ్మని మా టీచరమ్మ పంపితే, ఎండకు జడిసి పన్నెండుమందినే తూచాను. మిగతా బరువులు తిరుగు బస్సులో కూర్చుని కల్పించి రాస్తున్నాను.

ఏం రాస్తున్నావని పక్కనున్న చేపలమ్మే ఆవిడ అడిగింది. సిగ్గులేకుండా చెప్పాను.

“తూకం తప్పితే నన్ను దొంగంతారు. సదువుకున్నదానివి, నిన్నేటంతారు?” అంది. “అందులో బక్కసిక్కిన గుంట ఉంటే, నీ కాయితం సూసి దానికి పాలపొడి ఎవులిస్తారు?”

“అందరూ ఇలాగే రాస్తారు” అన్నాను.

మర్నాడు నా పట్టిక చక్కగా ఉందని టీచరమ్మ క్లాసంతటికీ చూపించింది. ముందురోజు బస్సులో ఆ చేపలావిడ మాత్రం నా మాట వినగానే లేచి, నా పక్క సీటు ఖాళీగా వదిలేసి, శ్రీకాకుళం దాకా నిలబడే వచ్చింది.