చెయ్యి ఎత్తకు

పొద్దున మా ఆవిడ కుట్టుమిషన్‌కు నూనె వేస్తోంది. చిన్న సీసా ముక్కులోంచి బొట్టు జారి ఇనుము మీద పడగానే వచ్చే ఆ వగరు వాసన, వరండాలో పేపరు చదువుతున్న నా దాకా వచ్చింది. పేపరు పక్కన పెట్టేశాను. కాప్రాలో మా ఇంట్లో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే బొల్లారం వెళ్ళిపోయాను. అక్కడ శామేలు మాస్టారు నేల మీద వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళ గిటారు కింద తల దూర్చి, పెడళ్ళకు ఇదే నూనె వేస్తున్నారు.

"బొల్లారం చర్చిలో నేను మొదటి స్వరం వాయించంగనే మూడొందల మంది లేచి నిలబడ్డరని చెప్పిన, యాదున్నదా?" అన్నాను మా ఆవిడతో.

"మళ్ళ షురూ చేసిన్రా? పోయినసారి రెండొందలే అన్నరు," అంది తలెత్తకుండా.

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో జంటనగరాలు రెంటికీ కలిపి పెడల్ స్టీల్ గిటారు వాయించినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట చాలామందికి చెప్పాను. నిజానికి నేను రెండోవాణ్ణి. మొదటివారు శామేలు మాస్టారు. మూడోవాడు ఉన్నాడో లేడో నేను వెతకలేదు, దొరుకుతాడేమోనని భయం. ఆ వాయిద్యం ఇస్త్రీబల్లంత ఉంటుంది. పది తీగలు. ఎడమచేతిలో వేలంత ఉక్కు కడ్డీ పట్టుకుని వాటి మీద జరపాలి, కుడిచేత్తో మీటాలి, కాలితో పెడళ్ళు తొక్కాలి. తీగల కింద గీతలుంటాయి గానీ మెట్లుండవు. కడ్డీ వెంట్రుకవాసి పక్కకు పోయిందా, స్వరం కూడా పోతుంది. ఇంజను డ్రైవరుగా చేసిన ఆంగ్లో ఇండియన్ స్నేహితుడొకాయన ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ దాన్ని మాస్టారికి ఇచ్చిపోయారు. పెడళ్ళ తీగలు తెగిపోతే మాస్టారు సైకిలు బ్రేకు వైర్లు బిగించుకున్నారు.

ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారాలు చర్చిలో పాటలు నేర్పేవారు కాబట్టి ఊరందరికీ మాస్టారే. నేను అదే వర్క్‌షాపు ఆఫీసులో టైపిస్టును. ఒకరోజు క్యాంటీన్లో టీ తాగుతూ, నాకు పదేళ్ళుగా గిటారు వచ్చని కోతలు కోస్తున్నాను. పక్క బల్ల దగ్గర ఆయన విన్నారు. ఆ ఆదివారమే ఇంటికి పిలిచి వాయిద్యం ముందు కూర్చోబెట్టారు. రెండు తీగలు మీటాను.

"పదేండ్లన్నవ్?"

"అంటే... మా మేనమామ వాయిస్తుంటే పదేండ్లు విన్న, మాస్టారూ."

"గట్ల చెప్పు. పిల్లి తోక తొక్కినట్టున్నదేందా అనుకున్న."

వెళ్ళగొడతారనుకున్నాను. ఆయన తన ఎడమచెయ్యి నా ముందు చాపారు. అది వణుకుతోంది. క్యాంటీన్లో ఆయన సాసరు ఎందుకు అంత చప్పుడు చేస్తుందో అప్పుడు తెలిసింది.

"గీ చెయ్యితోని ఇంక కడ్డీ పట్టుడు కాదు. అయిదు నెలలల్ల మా రూతు పెండ్లి. అబద్ధమాడితే ఆడినవ్ గానీ, ఇగ దాన్ని నిజం చెయ్యి."

రూతు ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి పోయి మూడేళ్ళు. ఆ తల్లి పాడుతుంటే ఆయన వాయించిన కీర్తన ఒకటుంది. ఆమె పోయాక ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ఎత్తలేదు. రూతు తండ్రిని అడిగింది ఒక్కటే: తను చర్చిలోకి నడిచి వచ్చేటప్పుడు అమ్మ పాట వినపడాలి, నాన్న గిటారు మీదే వినపడాలి. ఆ పాట వచ్చి ఒక కోతలరాయుడి చేతిలో పడింది.

ఆ అయిదు నెలల్లో ఆరితేరాను. అంటే, ఒక్క కీర్తన, అదీ సగం. మాస్టారు తీగల కిందుగా తువ్వాలు దూర్చి గీతలు కప్పేసేవారు. "కండ్లతోని కాదు, చెవులతోని వెతుకు," అనేవారు. తప్పు స్వరం పడిందంటే నేను నిప్పు మీద చెయ్యి పడ్డట్టు కడ్డీ ఎత్తేసేవాణ్ణి. శబ్దం టక్కున తెగేది. ఆయనకు కోపం వచ్చేది దానికే.

"చెయ్యి ఎత్తకు! తప్పు పడ్డది, అందరు విన్నరు. ఎత్తితే దొంగోనివైతవ్. మెల్లగ జరుపు. అసలు స్వరం జెర దూరంలనే ఉంటది."

వంటింట్లోంచి రూతు కేక వేసేది: "నాన్నా, హార్మోనియం ఆయనకు సుత ఒకమాట చెప్పి పెట్టాల్నా? అన్న వాయిస్తుంటే పాలు విరిగినయ్!"

పెళ్ళిరోజు వచ్చింది. గిటారు కాళ్ళు విప్పి ఆటోలో వేసుకుని వెళ్ళాం. నేను రోజూ కూర్చునే పొట్టి స్టూలు కూడా మాస్టారు తెచ్చారు. మూడొందల మంది... సరే, రెండొందల మంది నన్ను చూడబోతూ ఉంటే స్టూలేమిటనిపించింది. ఆయన కూతురి కోసం గుమ్మం దగ్గరికి వెళ్ళగానే, సంఘపెద్ద కూర్చునే చెక్కడపు కుర్చీ లాక్కున్నాను. తువ్వాలు కూడా తీసేశాను, గీతలు తళతళలాడతాయని. కుర్చీ చేతులు అడ్డొస్తే కాస్త పక్కకు ఒరిగి కూర్చున్నాను.

గుమ్మంలో తెల్లచీరలో రూతు, ఆమె చెయ్యి పట్టుకుని మాస్టారు. నేను గీత చూసి కడ్డీ పెట్టి మీటాను. పక్కనుంచి చూస్తే గీత ఉన్నచోట ఉన్నట్టు కనపడదన్న సంగతి అప్పుడే నాకు తెలిసింది. పిల్లి తోక. చర్చిలో అందరి తలలూ నావైపు తిరిగాయి. కడ్డీ ఎత్తేసి కిటికీలోంచి దూకుదామని చెయ్యి గుంజింది. మాస్టారివైపు చూశాను. ఆయన ముఖంలో కోపం లేదు. అడుగు వెయ్యబోయిన కూతుర్ని ఆపి, చెవి ఒగ్గి నిలబడ్డారు. నా స్వరం ఇల్లు చేరేదాకా ఆగుతానన్నట్టు.

కళ్ళు మూసుకుని మెల్లగా జరిపాను. అది మూలుగుతూ, పైకి పాకుతూ, చివరికి ఆ తల్లి పాట ఎత్తుకునే చోటికి చేరింది. అప్పుడు మాస్టారు అడుగు వేశారు. పాట రెండో పాదానికి జనం గొంతు కలిపారు. సగం నుంచి నాకు రాదు కాబట్టి మిగతాది వాళ్ళే పాడారు.

భోజనాల దగ్గర సంఘపెద్ద నా భుజం తట్టి, "మొదట గట్ల గుంజినవ్ సూడు, తల్లి పిలిచినట్టే ఉండె," అన్నాడు. కావాలనే చేశానన్నాను. ఆయన అటు పోగానే మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, అది తప్పు పడ్డది. కుర్చీ..."

"తెల్సు. కుర్చీ సుత చూసిన. రూతు నవ్వు ఆపుకోలేక నా చెయ్యి గిచ్చింది." చొక్కా చెయ్యి పైకి లాగి గోటి గుర్తు చూపించారు. ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. "పొద్దుగాల్నుంచి ఏడుస్తనే ఉండె పిల్ల. నవ్వుకుంట నడిచింది. చెయ్యైతే ఎత్తలే గద?"

నేను కడ్డీ ఇవ్వబోతే తీసుకోలేదు.

మాస్టారు పోయి చాలా కాలమైంది. గిటారు రూతు దగ్గరుంది. కడ్డీ మా ఇంట్లో కుట్టుమిషన్ సొరుగులో ఉంటుంది. మా ఆవిడ గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా బరువు పెడుతుంది. ఇప్పుడూ గుడ్డ పరిచి, దాన్ని తీసి పెట్టి, నావైపు చూసింది.

"ఇంతకు మూడొందలా, రెండొందలా?"

"నూట యాభై ఉంటరేమో," అన్నాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "లేచి నిలబడ్డది సుత నాకోసం కాదు. పెండ్లిపిల్ల లోపలికొస్తుంటే చర్చిల అందరు లేస్తరు."

"గిది ఇన్నేండ్లకు చెప్పిన్రు!"

"జెర దూరం పోయి ఉంటి. మెల్లగ జరుపుకుంట వచ్చిన."

ఆమె కత్తెర తీసుకుంది. నేను ఆ కడ్డీ మీద చెయ్యి వేసి, గుడ్డ కత్తిరించడం పూర్తయ్యేదాకా ఎత్తలేదు.