పసుపు గుడ్డలో వరహా

నగరి అనే మగ్గాల ఊరికి కాపురానికి వచ్చినప్పుడు నా వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక్క తాటాకు పెట్టె. అందులో బూరుగు దూది పరిచి పాత నాణేలు దాచుకున్నాను. కాణిపాకంలో మా నాయనకు కొబ్బరికాయల అంగడి ఉండేది. యాత్రికుల చిల్లరలో చెల్లని పాత డబ్బులు వస్తే నాకిచ్చేవాడు. "తోమొద్దు పాపా. అంచులు పట్టుకోని సూడు. ఎప్పుడో ఒకనాడు దీనికి గిరాకీ వస్తాది," అనేవాడు.

ఆ గిరాకీ తెచ్చే మనిషినీ చూశాను. మద్రాసు నుంచి ఒక పెద్దాయన అప్పుడప్పుడూ కార్వేటినగరం వచ్చి పాత నాణేలు కొనేవాడు. తోమినవి మాత్రం ముట్టుకునేవాడు కాదు.

మా అత్తకు ఇవేమీ పట్టవు. ఒక శుక్రవారం నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి నా రాగి నాణేలన్నీ చింతపండు, బూడిద వేసి తోమి పళ్ళెంలో పరిచింది. "లక్ష్మి మురికిపట్టి ఉండాది గదే. ఎట్ల మెరస్తా ఉండాయో సూడు!" అంది ముచ్చటగా. తాతల నాటి నలుపంతా పోయింది. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అవి యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనం. మద్రాసు పెద్దాయన రావడమూ ఆగిపోయింది. మా ఆయన ఒకరి మగ్గం మీద కూలికి నేసేవాడు. మాకంటూ ఒక మగ్గం ఉండాలన్నదే నా పట్టుదల. సరిగ్గా అప్పుడే కార్వేటినగరంలో ఒక ముసలమ్మ దగ్గర రాయల కాలం నాటి బంగారు వరహా చూశాను. దాని మీద తోరణం కింద నిలబడిన కొండమీది స్వామి! నా చెవి కమ్మలు రెండూ తీసి ఆమె చేతిలో పెట్టి, వరహా తెచ్చుకున్నాను. చెవులకు వేపపుల్లలు పెట్టుకున్నాను.

అత్త గుండెలు బాదుకుంది. "చెవులు బోసి చేసుకోని బిళ్ళ తెచ్చినావా? కంసాలికిచ్చి కరిగించి కమ్మలన్నా చేయించుకో. లేదంటే కొక్కెం పెట్టించి మెళ్ళో ఏసుకో."

కొక్కెం అతికినా, గీటురాయి మీద ఒక్క గీత పడినా ఇక అది తూకం బంగారమే. మద్రాసు పెద్దాయన కన్నెత్తి చూడడు, నా మగ్గమూ రాదు. అందుకని ఒక ఎత్తు వేశాను. గుడ్డను పసుపు నీళ్ళలో ముంచి, బాగా ఆరబెట్టి, వరహాను దూదిలో చుట్టి అందులో మూటకట్టి, దేవుడి పటం దగ్గర వేలాడదీశాను. ముడుపు అనుకుంటే మా ఇంట్లో ఎవరూ వేలు పెట్టరు. నేను మాత్రం ఏ మొక్కూ మొక్కలేదు. వాళ్ళు ఏమనుకుంటే నాకేం?

మూడేళ్ళు దాన్ని ఎవరూ ముట్టలేదు. యుద్ధం అయిపోయింది. పెద్దాయన మళ్ళీ వస్తున్నాడని కబురందింది. ఆ సంతోషంలో ఉండగా అత్త తిరుమలకు ప్రయాణం కట్టింది. ఇద్దరమూ మెట్లెక్కాం. దర్శనమైంది. హుండీ ముందుకు రాగానే అత్త బొడ్లోంచి పసుపు మూట తీసింది.

"మొక్కుకున్నదానివి నువ్వు మర్సిపోయినావు. నేను మరస్తానా?" అని చెయ్యి చాపింది.

ఆమె మణికట్టు పట్టేసుకున్నాను. "వద్దత్తా! అది ముడుపు కాదు. నువ్వు కరిగిస్తావని కట్టినాను!"

వెనక జనం తోస్తున్నారు. అత్త మూటను మళ్ళీ బొడ్లో దోపుకుంది. బయటికి వచ్చాక అంది: "మూడేండ్లు దానికి రెండు పూటలా దండం పెట్టినాను గదే."

సిగ్గుతో తల దించుకున్నాను. అయినా వరహా వదలబుద్ధి కాలేదు. "స్వామికి అప్పు ఉంచనులే అత్తా. దాని బదులు నా తలనీలాలు ఇస్తాను," అన్నాను. నా జడ నడుము దాటి ఉండేది. ఆ జడంటే నాకు ఎంత గర్వమో అత్తకు తెలుసు. ఆమె ఔననే దాకా ఆగకుండా పోయి మంగలి ముందు కూర్చున్నాను. గుండుకు చల్లగాలి తగిలింది. అత్త పైటకొంగుతో నా తల తుడిచి, ఆ మూటను తన చేత్తోనే నా కొంగున ముడివేసింది.

నెల తర్వాత పెద్దాయన మా తిన్నె మీద కూర్చుని మూట విప్పాడు. భూతద్దం పెట్టి వరహాను రెండు వైపులా చూశాడు, అంచు చుట్టూ చూశాడు. ఎక్కడా గీత లేదు, అతుకు లేదు.

"ఇంత పదిలంగా ఎవరు కాపాడినారమ్మా?"

నేను నోరు తెరిచేలోగా అత్త నా తల మీది కొంగు లాగేసింది. "ఇదో, మా కోడలప్పా! దీనికోసం గుండు కొట్టించుకునింది!"

తూకం బంగారానికి వచ్చే ధరకు ఎన్నో రెట్లు ఇచ్చాడాయన. ఆ డబ్బుతో మగ్గం కొన్నాం. మా సొంత మగ్గం! దాన్ని బిగించిన రోజు నేను నేల మీద నడిచానో లేదో నాకే తెలియదు.

ఆ సాయంత్రం అత్త సంత నుంచి వచ్చింది. కూరల గంప దించకుండానే నన్ను కేకేసింది. రెండు వేళ్ళ మధ్య ఒక నల్లటి పాత రాగి నాణెం. అంచులు మాత్రమే పట్టుకుని ఉంది.

"పాపా, దూది యాడుండాది?"