కన్నప్ప రెండో కన్ను

మా బావ ఎనిమిది నెలలు కష్టపడి వేసిన బొమ్మను నేను ఒక్క నిమ్మకాయతో నాశనం చేశాను. వినడానికి తేలిగ్గా ఉంది కదా. చేసేటప్పుడు ఇంకా తేలిగ్గా ఉండింది, అదే నా ఖర్మ.

మా అక్క మొగుడు శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తాడు. తిరుపతిలో ప్రైవేటు గ్యాలరీ నడిపే మేడం ఒకావిడ, ముందు ఒక్క బొమ్మ తెచ్చి తగిలించండి, చూస్తానంది. అది నచ్చితే ఆయన బొమ్మలతోనే పది రోజుల ప్రదర్శన. ఇరవై ఏళ్లుగా దుప్పట్ల మీద నెమళ్లు వేస్తున్న మనిషికి అదెంత ఆశో మీరే ఊహించుకోండి.

బొమ్మ కన్నప్పది. ఒక కన్ను పెరికి శివుడికి పెట్టేశాడు, రెండో కంటికి బాణం ఆనించి ఉన్నాడు. ఆపడానికి శివుడింకా రాలేదు. బొమ్మ ప్రాణమంతా ఆ మిగిలిన కంటిలోనే ఉంది.

బొమ్మ తగిలించడానికి బావతో నేనూ తిరుపతి పోయాను. అంతకుముందు నేను చూసిన గ్యాలరీ సర్కారు మ్యూజియం ఒక్కటే. అక్కడ ఫ్యాను కింద కునికే వాచ్‌మన్ కూడా నన్ను పట్టించుకోలేదు. ఇక్కడ ఏసీ, తెల్ల గోడలు, సరిగ్గా ఆ కంటి మీద పడేలా లైటు. ఇంత మంచి బొమ్మకు ఎంత దిష్టి తగులుతుందోనని నాకు దిగులు పట్టుకుంది. కొత్త బండి కొన్నా, అంగడి తెరిచినా మేం చేసే పనే చేశాను. బావ మేడంను పిలుచుకుని రావడానికి పక్క గదిలోకి పోగానే, జేబులోంచి నిమ్మకాయ తీసి, బొమ్మకు మూడుసార్లు తిప్పి, తాళంచెవుల గుత్తికున్న చిన్న కత్తితో కోసి, రెండు చెక్కలూ గట్టిగా పిండాను. 'ముట్టుకోరాదు' అన్న బోర్డును అక్షరాలా పాటించాను. ముట్టుకున్నది నేను కాదు, రసం.

అది నేరుగా కన్నప్ప కంట్లో పడింది. కంగారుగా కర్చీఫుతో తుడిచాను. నలుపు కాస్తా గోధుమరంగుకు తిరిగింది. ఇంకా గట్టిగా తుడిచాను. ఈసారి కన్నే లేదు. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి చేసే నలుపు అది, పొరపాటున చుక్క పడితే నిమ్మరసంతోనే చెరుపుతామని బావ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా నేను ఫోను చూసుకుంటూ తలూపాను.

మేడం వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"ఏమప్పా, రెండు కండ్లూ పోయినాయే. శివుడు రాలేదా?"

బావ బొమ్మను చూశాడు. నా చేతిలోని చెక్కలను చూశాడు.

"యాడమ్మా, శివుడు వచ్చేలోపలే మా బామ్మర్ది వచ్చినాడు."

ప్రదర్శన లేదని వేరే చెప్పాలా? తిరుగు బస్సులో బావ చుట్టిన గుడ్డను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ ఆ కన్ను వేయలేవా బావా అని అడిగాను. "ఏస్తా. అట్లాంటిది మళ్లా పడల్ల గదా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కాళహస్తిలో దిగగానే, బస్టాండులో అందరూ చూస్తుండగా, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇక ఏ గ్యాలరీకి పోయినా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాను. నిమ్మకాయ చిత్రాన్నం తిన్న రోజు ఆ వీధిలోకే పోను. బావ అంతా ఓపిగ్గా విని, "ముందు ఆ రెండో జోబీ సూపించు," అన్నాడు.

చూపించాను. అందులో ఇంకో నిమ్మకాయ ఉంది. బొమ్మకు దిష్టి తీశాక బావకు తీద్దామని తెచ్చింది.