ఇద్దరి హాజరు

కరీంనగర్ రోడ్డు పక్కన చేపలమ్మే శంకరమ్మ ఫోను తెరను ముక్కు కొసతో నొక్కుతుంది. వేళ్లకెప్పుడూ పొలుసులే మరి. నిరుడు ఆమె, మొగుడు గాలయ్య కలిసి ఆన్‌లైన్ పదో తరగతిలో చేరారు. ఇద్దరికీ ఒకటే ఫోను. పరీక్షలకు నెల ముందు గాలయ్య వల తీయబోయి శామీర్‌పేట చెరువులో మునిగిపోయాడు. ఆ మాట సారుకు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. హాజరు పిలిచినప్పుడు తన పేరుకు తన గొంతుతో, గాలయ్య పేరుకు బొంగురు గొంతుతో "ఉన్న సార్" అనేది.

ఇవాళ పొద్దున పాసైనవాళ్లకు ఫోనులోనే అభినందన సభ. "శంకరమ్మ, ఫస్ట్ క్లాస్!" అని సారు చదవగానే తెర నిండా చప్పట్లు.

"మస్తు జేసినవ్ అక్కా!" అంది పక్కన రొయ్యలమ్మే తారాబాయి.

శంకరమ్మ సిగ్గుపడుతూ చేతిలోని చేపను కత్తిపీట మీదికి వంచింది. అంతలో సారు అలవాటుగా, "గాలయ్యా?" అన్నాడు.

మైకు తెరవడానికి ఆమె ముక్కు ఫోను దాకా వంగింది, ఇంకా తాకలేదు.

"ఉన్న సార్," అని ఫోనులోంచి వినిపించింది.

తెర మీద మైకు బొమ్మకు ఎర్రగీత అలాగే ఉంది.

"గాలయ్యా, మీ దిక్కు నీళ్ల సప్పుడు మస్తు వస్తాంది," అన్నాడు సారు. "జర మైకు బంద్ జేయుండ్రి."