మా ఆయన పడిన పేపరు

"పేపర్లో పడిందేటే?" అన్నాడు మా ఆయన.

"పడలేదు. నోరు మూసుకుని పడుకో" అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. మధ్యాహ్నం గంజి పట్టుకెళ్ళేసరికి పోయి ఉన్నాడు.

మాది నర్సీపట్నం. ఆయన బెల్లం వండేవాడు. పాకం దించే ముందు చిటికెడు నోట్లో వేసుకుని చూసేవాడు. ఒకరోజు ఆ చిటికెడే గొంతులో ఆగిపోయింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేసేయి. "ఏటయ్యా, పట్టపగలే తాగొచ్చేవా?" అని ఎగతాళి చేసేను. ఇక్కడి డాక్టరు గ్యాస్ అని మాత్రలిచ్చాడు. రెండు నెలలు మింగేక మాత్ర కూడా దిగలేదు.

విశాఖలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళేం. ఎండోస్కోపీ, బయాప్సీ చేసేరు. "ఫుడ్ పైప్‌లో క్యాన్సరమ్మా" అన్నారు పెద్ద డాక్టరుగారు. కీమో ఇచ్చేరు, రేడియేషన్ ఇచ్చేరు. జుట్టు పోయింది, మీసం పోయింది. మీసం పోయిందని ఏడ్చేడు.

కొన్నాళ్ళకి గడ్డ కరిగింది. అన్నం దిగింది. స్కాన్ చూసి డాక్టరుగారు మా కంటే సంబరపడ్డారు.

"నీది రేర్ కేసయ్యా. నీ మీద పేపర్ రాస్తాను. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"ఫోటో కూడా ఏత్తారా బాబూ?"

"వేస్తాం. గొంతు ఫోటో."

గొంతు వరకూ ఫోటో అనుకున్నాడు పిచ్చిమనిషి. మర్నాడు, మళ్ళీ మొలిచిన గెడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పైబొత్తాం కూడా పెట్టుకుని కూర్చున్నాడు. నర్సు గొంతులోకి దించే కెమేరా పైపు పట్టుకొచ్చి "చొక్కా విప్పు తాతా, పాడవుద్ది" అని పకపకా నవ్వింది.

పేపరంటే మాకు తెలిసింది బస్టాండులో అమ్మేదే. రోజూ తెచ్చేదాన్ని. నాకు అక్షరాలు కూడబలుక్కుంటేగానీ రావు, బొమ్మలే వెతికేదాన్ని.

ఇంతలో మళ్ళీ ముద్ద ఆగింది. పరుగెత్తేం. "సార్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళారు, పేపర్ చదవడానికి" అంది కౌంటర్లో పిల్ల. ఓపీ చీటీ మీద తారీకు స్టాంపేసి పంపేసింది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఒలే, నా గురించేనే!" అన్నాడు. రెండోసారి నేనూ ఆటోవాడూ పట్టుకుని ఆటోలోంచి దించేం. అప్పుడూ సార్ లేరు. "ఇంకో డాక్టర్ని సూడమనమ్మా" అన్నాను. "అది సార్ కేసు, ఎవరూ ముట్టుకోరు" అంది. ఇంకో స్టాంపు.

ఆయన పోయిన మూడేళ్ళకి, ల్యాబులో పనిచేసే మా మేనకోడలు సరళ ఆ పేపరు ఫోన్లో పట్టుకుంది.

"ఇది వార్తల పేపరు కాదత్తా. డాక్టర్లు డాక్టర్ల కోసం రాసుకునేది. వేరే డాక్టర్లు తమ రాతల్లో దీని ఊసెత్తితే సైటేషన్ అంటారు. ఎంతమంది ఎత్తితే రాసినాయన అంత గొప్ప. మావయ్యది సానామంది ఎత్తేరు."

"మావయ్య పేరుందేటి?"

"పేర్లు రాయరత్తా. ఒక మగమనిషి అని ఉంది."

"ఆఖర్న ఏటి రాసేరు?"

సరళ ఫోన్లో కిందికి జరిపి చదివింది. "లాస్ట్ టు ఫాలో అప్. తగ్గేక ఆ మనిషి మళ్ళీ ఆసుపత్రికి రాలేదని."

రెండు చీటీలూ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేను. పెద్ద డాక్టరుగారి కింద పనిచేసే చిన్న డాక్టరు చూసి, "ప్రింటయిపోయిందమ్మా. మీ ఆయన వల్ల ఎంతోమందికి మేలు" అన్నాడు.

"అవనీ బాబూ, నానొద్దన్నానా? వచ్చాడని రాయండి."

వాచీ చూసుకున్నాడు. ఇంక ఆ పేపరు ఎత్తిన ప్రతి డాక్టరూ మా ఆయన రాలేదనే అనుకుంటాడు.

ఇప్పుడు నేను ఆయన పనిచేసిన బెల్లం బట్టీ దగ్గరే చెరుకు పిప్పి ఎండబెడుతున్నాను. చీటీలు గూట్లో ఉన్నాయి. మీకు ఒక్కటే చెబుతాను. ఆసుపత్రికి వెళ్ళినరోజు డాక్టరు లేకపోతే ఉత్త స్టాంపుతో రాకండి. "వచ్చారు, డాక్టరు లేరు" అని చీటీ మీద రాయించుకోండి. చదువు రాకపోతే అక్కడే ఎవరిచేతైనా చదివించుకుని మరీ కదలండి.

సరళా, ఏదీ, నే సెప్పిందంతా రాసేవు కదా, బేగి మొదట్నుంచీ సదువు. రెండుసార్లూ వచ్చాడని రాసేవో లేదో ఇంటాను.