మెడ కోసం ఆడించిన ధాన్యం

మా అత్త మెడ పట్టేసిన వేసవిలో మా ఇంట్లో బియ్యానికి కొదవ లేదు. ధాన్యానికే కొదవ.

అరవైల చివర, కోటబొమ్మాళి దగ్గరి పల్లెకు నేను కొత్తగా కాపరానికి వచ్చిన రోజులు. పొలానికి గత్తం ఎరువు తట్టలు మోసి మోసి అత్త ఒకనాడు మెడ తిప్పలేకపోయింది. ఎవరు పిలిచినా మనిషి మొత్తం తిరగాల్సిందే. నూనె రాశాం, వేడి ఇసుక మూటతో కాపడం పెట్టాం, లాభం లేదు. అమ్మవారి సంబరం దగ్గరపడుతోంది. ఊరి ఘటం తలమీద పెట్టుకుని వీధులన్నీ తిరిగేది ఏటా మా అత్తే. ఈసారి ఎత్తలేకపోతే అది అత్త తోడికోడలి తలకెక్కుతుంది. ఆ మాట తలుచుకుంటేనే అత్తకు అన్నం సయించేది కాదు.

ఓ రోజు ధాన్యం ఆడించడానికి మిల్లుకు వెళ్లాం. ఆయిల్ ఇంజను నడుస్తుంటే షెడ్డంతా అదిరేది. నిలబడలేక అత్త మర పక్కనున్న కర్ర స్తంభానికి మెడ ఆనించి కళ్లు మూసుకుంది. స్తంభంతోపాటు ఆమె బుగ్గలూ, చెవి దుద్దులూ వణుకుతున్నాయి. బియ్యం బుట్ట ఎత్తుకుని పిలిచాను. అత్త కదలకుండా తల మాత్రం తిప్పి చూసింది! ఇద్దరం పడీపడీ నవ్వాం.

మర్నాటికి మెడ మళ్లీ పట్టేసింది. మళ్లీ ధాన్యం బుట్ట. మిల్లాయన అత్తకు వరసకు తమ్ముడే గానీ మహా మొండివాడు. ఖాళీగా తిప్పితే మర అరిగిపోతుందట, ఎంత బతిమాలినా వినడు. సరే, మాకూ పంతమొచ్చింది. రోజూ ఆడించాం. కుండల్లో బియ్యం, బానల్లో బియ్యం, ఆఖరికి నా పెళ్లి ట్రంకుపెట్టెలోనూ బియ్యమే. మావ ఏమీ అడగలేదు, పూటపూటా అట్లు తిని ఊరుకున్నాడు. ధాన్యం అయిపోయాక అత్త విత్తనాల గాదె వైపు చూడ్డం మొదలెట్టింది. అసలే నాకు కోపం ఎక్కువ, అడ్డంగా నిలబడ్డాను.

“ఇత్తనం ఆడించేస్తే రేపు మడిలో ఏటి జల్లుతావత్తా, బియ్యమా?”

అత్త బుట్ట కింద పెట్టేసింది. అప్పటికి సంబరం ఎల్లుండే.

సంబరం రోజు పట్టిన మెడతోనే ఘటం ఎత్తుకుంది. వెనక నడుస్తున్న నాకు ప్రాణం ప్రాణంలో లేదు. మిల్లు ముందుకొచ్చేసరికి అత్త ఆగిపోయింది. మెడ బిగుసుకుపోయి ఘటం ఓ పక్కకు ఒరుగుతోంది. తోడికోడలు చేతులు చాచి ముందుకొచ్చింది.

సరిగ్గా అప్పుడు మిల్లులో ఇంజను మొదలైంది. పండగపూట, మరలో ఒక్క గింజ లేకుండా! మిల్లాయన తలుపులు బార్లా తీసి నిలబడ్డాడు.

“రా అప్పా, ఆనుకో. అరిగితే అరుగుతాది” అని అక్కను పిలిచాడు.

అత్త ఘటాన్ని చేత్తో పట్టుకుని లోపలికెళ్లి స్తంభానికి ఆనుకుంది. డప్పులాగిపోయాయి. ఊరంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఘటానికి కట్టిన వేపాకులు గలగలా వణికాయి. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కాసేపటికి అత్త కళ్లు తెరిచి, ఉన్నచోటునే తల మాత్రం తిప్పి తోడికోడల్ని చూసింది.

“సేతులు దించుకో అమ్మీ, ఇంకా శానా ఈదులున్నాయి” అంది.

వీధులన్నీ తిరిగింది.